పాత ఇంటి అలారం ఉంచుకోవాలా, మార్చాలా? తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఒక పరీక్షా క్రమం

మీరు కొన్న ఇల్లు తిరుపతి పద్మావతీపురంలో ఉన్నా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఉన్నా, పాత యజమాని పెట్టించిన దొంగల అలారం గోడకు అలాగే ఉండిపోయి ఉంటే, దాన్ని ఏం చేయాలన్న ప్రశ్న గృహప్రవేశం హడావిడిలో వెనక్కి పోతుంది. ఇంటికి తాళం వేసి నాలుగు రోజులు ఊరికి వెళ్లవలసి వచ్చినప్పుడే అది మళ్లీ గుర్తుకొస్తుంది. అప్పుడు దుకాణదారును పిలిస్తే, పెట్టె మూత తీయకుండానే "ఇది పాతది సార్, మొత్తం మార్చేద్దాం" అంటాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు. పాత వ్యవస్థను ఓపికగా పరీక్షించినందుకు ఎవరూ కూలి ఇవ్వరు, కొత్తది బిగిస్తే నాలుగు రూపాయలు మిగులుతాయి. అందువల్ల ఆ పరీక్ష మీరే చేసుకోవడం మేలు. ఒక ఆదివారం, సాధారణమైన మల్టీమీటరు, నిచ్చెన, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే చాలు.

పరీక్షకు ముందు ఒక విషయం మనసులో ఉంచుకోవాలి. అలారం ఒకే వస్తువు కాదు. గోడలోని వైర్లు, తలుపుల దగ్గరి అయస్కాంత స్విచ్చులు, గదుల మూలల్లోని కదలిక సెన్సార్లు, వీటన్నిటినీ నడిపే ప్యానెల్ అనే పెట్టె, అందులోని బ్యాటరీ, సైరన్, బయటికి కబురు పంపే భాగం, వీటిలో ఒక్కొక్కదాని ఆయుష్షు ఒక్కో రకం. వైరూ అయస్కాంత స్విచ్చూ దశాబ్దాలు నిలుస్తాయి. బ్యాటరీ మూడు నుంచి అయిదేళ్లలో అయిపోతుంది. కబురు పంపే భాగమైతే, తాను ఏమాత్రం చెడిపోకపోయినా, ఫోను కంపెనీలు తమ నెట్‌వర్కు మార్చుకున్న రోజున పనికిరాకుండా పోతుంది. కాబట్టి "ఉంచాలా, మార్చాలా" అన్న ప్రశ్నను మొత్తానికి కలిపి ఒక్కసారి వేయకుండా, భాగం భాగానికీ విడిగా వేయాలి. వైర్లతో పెట్టించిన అలారాల విషయంలో గోడలోనిది ఉంచి, పెట్టెలోనిది మార్చడమే చాలాసార్లు సరైన జవాబు అవుతుంది.

పెట్టె తెరవకముందు: అది ఎవరిది, కోడ్‌లు ఎవరి దగ్గర ఉన్నాయి?

మొదట ఆ పరికరాలు నిజంగా మీవేనా అన్నది తేల్చుకోవాలి. కొన్ని భద్రతా సంస్థలు ప్యానెల్‌ను అద్దె పద్ధతిలో, నెలనెలా రుసుము మీద పెడతాయి. అలాంటి ఒప్పందం పాత యజమాని పేరున ఇంకా నడుస్తూ ఉంటే, ఇల్లు మీదైనా ప్యానెల్ మీది కాదు. ఇల్లు రాసిచ్చిన వ్యక్తిని అడిగి ఒప్పందం కాగితం, బిల్లు, బిగించినవారి వివరాలు తీసుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎంత అడిగినా చెప్పేవారు, ఆ తరువాత ఫోను ఎత్తడానికి కూడా బద్ధకిస్తారు కనుక ఈ పని ముందే పూర్తి చేయడం మంచిది.

కోడ్‌లు రెండు రకాలుగా ఉంటాయి. రోజూ ఇంటివాళ్లు నొక్కేది ఒకటి, బిగించినవాడు అమరికలు మార్చడానికి వాడేది మరొకటి. రెండవది లేకపోతే ఏ తలుపు ఏ జోన్‌లో (ప్యానెల్ ఒక నంబరుతో విడిగా చూసే భాగంలో) ఉందో మార్చలేరు, ఫోను నంబర్లు కూడా మార్చలేరు. అది దొరకనప్పుడు చాలా ప్యానెళ్లను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చే దారి ఉంటుంది, దాన్ని ఆ నమూనా మాన్యువల్‌లో చూసుకోవచ్చు. కానీ కొన్నింటిలో బిగించినవాడు ఆ దారిని కూడా మూసివేసే వీలుంది. అలా మూసి ఉండి, కోడ్ చెప్పేవాడు దొరకకపోతే, ఇంకే పరీక్షా అక్కర్లేదు, ప్యానెల్ మార్చవలసిందే. మిగతా భాగాల సంగతి మాత్రం అప్పుడూ విడిగానే చూడాలి.

కోడ్ దొరికితే ఆ రోజే మార్చండి. కీప్యాడ్ మీటలను కూడా వెలుతురులో ఒకసారి పరికించి చూడండి. నాలుగు అంకెలు మాత్రమే అరిగి, మిగతావి కొత్తగా మెరుస్తూ ఉంటే, కోడ్‌లో ఉన్న అంకెలు ఏవో గోడ మీద రాసి పెట్టినట్టే. నాలుగు వేర్వేరు అంకెలను వరుసలు మార్చి పేర్చడానికి ఉన్న పద్ధతులు 24 మాత్రమే.

యాప్ ద్వారా నడిచే అలారమైతే ఇంకో చిక్కు ఉంటుంది. యాప్‌లో ప్రధాన ఖాతా పాత యజమానిదే అయి ఉంటే, మీ ఇంటి తలుపు ఎప్పుడు తెరుచుకుందో అతని ఫోనుకు కబురు వెళ్తూనే ఉంటుంది. అతని చేతనే ఆ పరికరాన్ని ఖాతా నుంచి తొలగింపజేసి, మీ పేరున కొత్తగా చేర్చుకోవాలి. మీ ఫోనులో అతని ఖాతాతో లాగిన్ అయి వాడుకోవడం పరిష్కారం కాదు.

ఇంటి పటం గీయడం

తెల్లకాగితం మీద ఇంటి నమూనా గీసి, ప్రతి తలుపు, కిటికీ, సెన్సార్, సైరన్, కీప్యాడ్ ఎక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. తరువాత కీప్యాడ్ దగ్గర ఒకరిని నిలబెట్టి, ఒక్కో తలుపూ తెరుస్తూ ఏ జోన్ నంబరు వెలుగుతోందో దాని పక్కన రాయండి. ఏ నంబరూ వెలగని తలుపు మీ రేపటి పని. ఈ పటం గీస్తున్నప్పుడే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. మన ఊళ్లలో ఇళ్లు ఒకేసారి కట్టడం ముగియదు. కింద కట్టిన పదేళ్లకు పైన మేడ వేస్తారు, వెనుక సందు వైపు ఒక గది పెంచుతారు, మేడను విద్యార్థులకు అద్దెకిస్తారు. అలారం మాత్రం మొదట కట్టిన రోజున ఎలా ఉండేదో అలాగే ఉండిపోతుంది. కొత్తగా వచ్చిన మెట్ల తలుపు, మేడ మీది ఇనుప గేటు పటంలో ఖాళీగా మిగిలితే, ఉన్నది ఎంత బాగా పనిచేస్తున్నా చాలదు. ప్యానెల్‌లో ఖాళీ జోన్‌లు ఎన్ని మిగిలాయో చూడండి. మిగిలి ఉంటే పొడిగించుకోవచ్చు.

కరెంటు తీసేసి చూడడం

ఇది సులభమైన పరీక్షే అయినా చాలామంది చేయరు. పక్కింటివారికి ముందే చెప్పి, బ్యాటరీ కనీసం ఒక రోజంతా ఛార్జింగ్‌లో ఉందని చూసుకుని, ప్యానెల్‌కు కరెంటు ఇచ్చే ఎం.సి.బి. స్విచ్చును ఆపేయండి. ప్యానెల్ ఇన్వర్టర్ లైను మీద ఉంటే ఆ లైనును కూడా ఆపాలి, లేకపోతే మీరు పరీక్షించేది ఇన్వర్టర్‌నే అవుతుంది. కీప్యాడ్ వెంటనే ఆరిపోతే బ్యాటరీ చచ్చిపోయినట్టు. వెలుగుతూ ఉంటే, రెండు మూడు గంటలు అలాగే వదిలి, ఆ తరువాత అలారాన్ని మోగించి చూడండి. మామూలుగా బాగానే కనిపించి, సైరన్ మోగగానే కుప్పకూలే బ్యాటరీలు చాలా ఉంటాయి.

ఇళ్ల ప్యానెళ్లలో సాధారణంగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ సీలు చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీ, యూపీఎస్‌లకు వాడే రకమే. ప్యానెలూ సెన్సార్లూ కలిసి 0.2 ఆంపియర్లు తీసుకుంటాయనుకుంటే, కొత్త బ్యాటరీ లెక్క ప్రకారం 35 గంటలు మోయాలి. సగం అరిగిన బ్యాటరీ అందులో సగమే మోస్తుంది. వాయుగుండం వాన పట్టి రాత్రంతా కరెంటు లేని రోజులు మనకు కొత్త కాదు కనుక ఈ లెక్క కాగితానికే పరిమితం కాదు. ఈ రకం బ్యాటరీకి వేడి పెద్ద శత్రువు. 25 డిగ్రీలను మించి ఉష్ణోగ్రత సుమారు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, పడమటి గోడకు, మెట్ల కింద గాలి ఆడని గూట్లో పెట్టిన ప్యానెల్‌లోని బ్యాటరీ అయిదేళ్లు వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. బ్యాటరీ మీద రాసిన తయారీ తేదీ మూడేళ్లు దాటి ఉంటే, పరీక్షలో నెగ్గినా మార్చేయమని నా సలహా. మొత్తం వ్యవస్థలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంకొకటి లేదు.

బ్యాటరీ తీసినప్పుడు, కరెంటు మళ్లీ ఇచ్చి, దానికి వచ్చే రెండు తీగల మధ్య వోల్టేజీని మల్టీమీటరుతో కొలవండి. 13.6 నుంచి 13.8 వోల్టుల మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగ్గా ఉంది. 15 దగ్గర చూపిస్తే ప్యానెలే బ్యాటరీని ఉడకబెడుతోంది. 12కు దిగువన చూపిస్తే ఛార్జింగ్ భాగం పాడైంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా కొత్త బ్యాటరీ వేసి లాభం లేదు, ప్యానెల్‌నే అనుమానించాలి. కొన్ని కొత్త రకం ప్యానెళ్లు బ్యాటరీ లేకుండా ఛార్జింగ్ వోల్టేజీని ఇవ్వవు కనుక, సున్నా చూపిస్తే తొందరపడక, బ్యాటరీ కలిపి ఉంచి మళ్లీ కొలవండి.

గోడలోని వైర్లు

ఇల్లు కట్టేటప్పుడు స్లాబులోనూ గోడలోనూ పైపులు వేసి లాగిన వైరు ఉంటే, ఆ అలారంలో అన్నిటికన్నా విలువైన వస్తువు అదే. మళ్లీ లాగించాలంటే గోడలు చెక్కాలి, పూత వేయాలి, రంగు వేయాలి. వైర్ల సెన్సార్‌కు ఏ కంపెనీ ప్యానెల్ అన్న పట్టింపు కూడా లేదు. అది తెరుచుకుందా, మూసుకుందా అన్న సంగతి మాత్రమే చెబుతుంది, ఆ మాట అన్ని ప్యానెళ్లకూ అర్థమవుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. ముందుగా ప్యానెల్‌ను సర్వీసు అమరికలో పెట్టండి, లేకపోతే మూత తీయగానే సైరన్ మోగుతుంది. తరువాత కరెంటు, బ్యాటరీ రెండూ తీసేసి, విప్పకముందే లోపలి వైర్లన్నిటికీ ఫోనుతో ఫోటోలు తీసి, ఒక్కో జతకు కాగితం పట్టీ మీద జోన్ నంబరు రాసి అంటించండి. ఆ తరువాత ఒక్కో జోన్ జతను విప్పి, మల్టీమీటరుతో దాని నిరోధాన్ని ఓమ్‌లలో కొలవండి. తలుపు మూసి ఉన్నప్పుడు కొద్ది ఓమ్‌లు, తెరిచినప్పుడు అనంతం చూపించాలి. కొన్ని ఇళ్లలో మూసినప్పుడు 2.2 కిలో ఓమ్‌లు, 5.6 కిలో ఓమ్‌లు వంటి విలువ కనిపిస్తుంది. అది లోపం కాదు, లైను చివర పెట్టిన నిరోధకం (రెసిస్టర్). వైరులోని రెండు తీగలనూ మధ్యలో ఎవరైనా కలిపేస్తే ప్యానెల్ పసిగట్టేది దానివల్లనే. ప్యానెల్ మార్చితే కొత్త కంపెనీ వేరే విలువ అడగవచ్చు కనుక, ఆ చిన్న నిరోధకాలను మార్చవలసి వస్తుంది. ఖర్చు పైసల్లో ఉంటుంది, శ్రమ మాత్రం సెన్సార్ సెన్సార్‌కూ నిచ్చెన ఎక్కడం.

ఇక్కడ ఒక పాత దొంగదారిని కూడా గమనించాలి. సెన్సార్ దగ్గర పెట్టవలసిన నిరోధకాన్ని తీరిక లేని బిగింపుదారు ప్యానెల్ పెట్టెలోనే పెట్టేసి పోతాడు. పెట్టె తెరవగానే జోన్ టెర్మినళ్ల దగ్గర వరుసగా రంగు చారల నిరోధకాలు కనిపిస్తే, దారి పొడవునా ఉన్న వైరును ఎవరు కలిపేసినా ప్యానెల్‌కు తెలియదని అర్థం. వైరు బాగున్నా బిగింపు బాగా లేదు. ఇది సరిచేయదగినదే, అందుకోసం వ్యవస్థను పారేయనక్కర్లేదు.

రెండో కొలత తేమకు సంబంధించినది. వైరును రెండు చివరలా విప్పి, రెండు తీగల మధ్య నిరోధం చూస్తే అనంతం రావాలి. కొన్ని పదుల కిలో ఓమ్‌లు చూపిస్తే ఎక్కడో తడి చేరింది, లేదా అతుకు దగ్గర చిలుము పట్టింది. ఈ కొలత ఎండాకాలంలో చేస్తే అన్ని వైర్లూ నెగ్గుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు పడుతున్న కార్తీకమాసంలో, స్లాబు తడిసి ఉన్నప్పుడు చేస్తేనే నిజం తెలుస్తుంది. వానాకాలంలో మాత్రమే అర్ధరాత్రి కారణం లేకుండా మోగే అలారాలలో చాలావాటికి కారణం ఇదే, ఆ నింద ప్యానెల్ మీద పడుతుంది.

పదింటిలో ఒకటి రెండు వైర్లు చెడితే వాటి స్థానంలో వైర్‌లెస్ సెన్సార్లు పెట్టుకోవచ్చు. సగానికి పైగా చెడితే, లేదా ఎలుకలు పైపుల్లో దూరి కొరికిన గుర్తులు కనిపిస్తే, గోడలోనిది కాపాడుకోవాలన్న వాదనకు ఇక బలం లేదు.

సెన్సార్లు

తలుపుల అయస్కాంత స్విచ్చులను గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. వాటిలో అరిగేది దాదాపు ఏమీ లేదు. చూడవలసింది ఎడం ఒక్కటే. వానకు ఉబ్బి, ఎండకు ఎండిన కొయ్య తలుపు కాలక్రమంలో కిందికి వాలి, అయస్కాంతానికీ స్విచ్చుకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఇనుప గ్రిల్లు మీద కొయ్య తలుపుల రకం స్విచ్చు బిగించి ఉంటే దాని పరిధి ఇంకా తగ్గుతుంది. అక్కడ ఇనుముకని ప్రత్యేకంగా చేసిన రకం కావాలి.

కదలిక సెన్సార్ల సంగతి వేరు. ఇవి మనిషి శరీరం వేడికీ, వెనుక ఉన్న గోడ వేడికీ మధ్య తేడాను చూస్తాయి. గది 35, 37 డిగ్రీలకు చేరితే ఆ తేడా దాదాపు మాయమవుతుంది. మంచి సెన్సార్లలో ఆ లోటు పూడ్చే ఏర్పాటు ఉంటుంది, చవకరకం పాత వాటిలో ఉండదు. తాళం వేసిన ఇంట్లో ఫ్యాన్లు ఆగి, మే నెల మధ్యాహ్నం గది ఎంత వేడెక్కుతుందో మనకు తెలియనిది కాదు. కనుక ఈ పరీక్షను జనవరి ఉదయం చేసి తృప్తిపడకూడదు. ఎండాకాలంలో, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో, కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి గది బాగా వేడెక్కాక, ప్యానెల్‌ను నడక పరీక్ష అమరికలో పెట్టి నెమ్మదిగా నడిచి చూడండి. సెన్సార్ ముందు అడ్డంగా నడిచినప్పుడు తొందరగానూ, ఎదురుగా నేరుగా వస్తున్నప్పుడు ఆలస్యంగానూ పట్టడం వాటి స్వభావం. కానీ గది దాటేదాకా పట్టకపోతే ఆ సెన్సార్ మార్చాలి. ఉన్న వైరుకే, వేడి తేడాతో పాటు మైక్రోవేవ్ తరంగాలతో కూడా కదలికను చూసే రెండు పద్ధతుల సెన్సార్‌ను బిగించుకోవచ్చు.

అకారణంగా మోగే సెన్సార్‌ను పారేయకముందు మూత తీసి లోపల చూడండి. బల్లి గుడ్లు, సాలెగూడు, చీమల పుట్ట కనిపించడం మామూలే. శుభ్రం చేసి, వైరు దూరిన కంతను సిలికాన్‌తో మూస్తే చాలాసార్లు అక్కడితో సరి. అలిపిరి, కపిలతీర్థం వైపు కొండ అంచు కాలనీల్లో మేడ మీద కోతులు తిరిగే ఇళ్లకు ఆరుబయట కదలిక సెన్సార్ అసలు పెట్టకుండా, మేడ తలుపుకు అయస్కాంత స్విచ్చుతో సరిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

అలారానికి పొగ సెన్సార్ కూడా కలిపి ఉంటే దాని వెనుక తయారీ సంవత్సరం చూడండి. పదేళ్లు దాటినదాన్ని పరీక్షతో నిమిత్తం లేకుండా మార్చాలి. పూజగది పక్కన పెట్టినదైతే సాంబ్రాణి పొగకు మోగి, చివరికి ఎవరో ఒకరు దాన్ని ఊడదీసి ఉంటారు. కొత్తదాన్ని వేరే చోట పెట్టండి.

కబురు బయటికి వెళ్తోందా?

నా దృష్టిలో ఈ నిర్ణయం అంతా తేలేది ఇక్కడే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సైరన్ మోగితే వీధిలోవాళ్లు వస్తారన్న నమ్మకం మీద అలారం పెట్టుకునే రోజులు కావివి. పక్కింటివాళ్లూ ఊళ్లో ఉండకపోవచ్చు. మీరు బెంగళూరులోనో చెన్నైలోనో ఉండగా మీ ఫోను మోగాలి. పాత అలారాల్లో ఈ ఒక్క దారే తెగిపోయి, మిగతాదంతా చక్కగా పనిచేస్తూ ఉండడం తరచుగా జరుగుతుంది.

ల్యాండ్‌లైన్ ద్వారా ఫోను చేసే రకమైతే, ఆ లైను ఇంకా ఉందా అన్నది మొదటి ప్రశ్న. చాలా ఇళ్లు పాత రాగి తీగ కనెక్షన్ వదిలేశాయి. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ఫోను, ఇంట్లోని ఫైబర్ పెట్టెకు కరెంటు ఉన్నంతసేపే పనిచేస్తుంది, అలారం తరఫున ఫోను చేసే పాత డయలర్ల సంకేతాలు దాని మీద సరిగ్గా వెళ్తాయన్న భరోసా కూడా లేదు.

సిమ్ కార్డు వేసే రకమైతే, అది ఏ తరం నెట్‌వర్కుకు చేసిందో మాన్యువల్‌లో చూడాలి. పదేళ్ల కిందటివి ఎక్కువగా 2జి పరికరాలు. జియోకు 2జి నెట్‌వర్కు ఎన్నడూ లేదు కనుక ఆ సిమ్ వాటిలో వేస్తే ఏమీ జరగదు. 2జి ఇంకా నడుపుతున్న కంపెనీ సిమ్‌తో అవి పనిచేస్తాయి, కానీ ఆ సేవ ఇంకెంతకాలం ఉంటుందన్నది మీ చేతుల్లో లేదు. ప్రైవేటు కంపెనీలు 3జిని వదిలేసిన తీరు కళ్లముందే ఉంది. కాబట్టి 2జి డయలర్‌ను ఇవాళ పనిచేస్తోంది కదా అని నమ్ముకోవడం కన్నా, ఇప్పుడే 4జికి మారడం తెలివైన పని. కొనేటప్పుడు 4జి అన్న మాటతో సరిపెట్టుకోకుండా, అది 4జి మీదనే మాట్లాడే కాల్ చేయగలదా, లేక యాప్‌కు సందేశం మాత్రమే పంపుతుందా అని అడగండి. అర్ధరాత్రి సందేశానికి నిద్ర లేచేవారు తక్కువ.

పరికరం బాగున్నా సిమ్ చచ్చిపోయి ఉండడం ఇంకో మామూలు కథ. ప్లాన్ గడువు తీరితే బయటికి కాల్ వెళ్లదు. 90 రోజులు ఏ వాడకమూ లేకుండా, ఖాతాలో 20 రూపాయలు కూడా లేకుండా ఉన్న ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు కూడా చేయవచ్చు. అలారం సిమ్ రీఛార్జ్ తేదీని మీ ఫోను రీఛార్జ్ తేదీతో కలిపి గుర్తు పెట్టుకోండి.

వైఫై మీద నడిచే రకమైతే రూటర్ ప్లగ్గు తీసి, అలారం మోగించి చూడండి. కబురు రాకపోతే దొంగ మెయిన్ స్విచ్చు ఆపినా అంతే. అలాంటప్పుడు రూటరునూ ఫైబర్ పెట్టెనూ ఇన్వర్టర్ మీదికి మార్చడం, వైఫైతో పాటు సిమ్ దారి కూడా ఉన్న పరికరం ఎంచుకోవడం అవసరం.

ఇప్పుడు చాలామంది దుకాణదారులు చెప్పని సంగతి. ప్యానెల్, సెన్సార్లు అన్నీ బాగుండి, ల్యాండ్‌లైన్ దారి మాత్రమే పోయి ఉంటే, దాని సైరన్ అవుట్‌పుట్‌నో, రిలే (అలారం మోగగానే మారే స్విచ్చు) అవుట్‌పుట్‌నో ఒక విడి 4జి డయలర్‌కు కలిపితే చాలు. అలారం మోగగానే ఆ డయలర్ మీ నంబర్లకు ఫోను చేస్తుంది. ఏ జోన్ మోగిందో అది చెప్పలేకపోవచ్చు, ఫోను నుంచి అలారాన్ని ఆపే వీలూ ఉండకపోవచ్చు. అయినా మొత్తం మార్చడానికి అయ్యే ఖర్చులో చిన్న భాగంతో ఇల్లు మళ్లీ కాపలాలోకి వస్తుంది.

డయలర్‌లో మీ నంబరు, ఊళ్లోనే ఉండే బంధువు నంబరు, తాళంచెవి ఉన్న పొరుగువారి నంబరు పెట్టండి. 112ను మాత్రం పెట్టకండి. బల్లి పాకినందుకు రికార్డు చేసిన గొంతు అత్యవసర నంబరుకు ఫోను చేయడం ఎవరికీ మంచిది కాదు. మనిషి చూసి, విని, తాను ఫోను చేయాలి. ఊరు వదిలేటప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్‌లో కూడా ముందుగా నమోదు చేసుకోవచ్చు. అందులో పోలీసులే తాళం వేసిన ఇంట్లో కదలికను పట్టే కెమెరా తాత్కాలికంగా పెడతారు, రుసుము ఉండదు. అది మీ అలారానికి తోడు అవుతుంది, దాని స్థానంలో వచ్చేది కాదు.

వైర్‌లెస్ అలారమైతే

ఇంతవరకు చెప్పిన ఉదారత వైర్‌లెస్ వ్యవస్థలకు వర్తించదు. ఒక కంపెనీ వైర్‌లెస్ సెన్సార్ మాట ఇంకో కంపెనీ ప్యానెల్‌కు సాధారణంగా అర్థం కాదు కనుక, ప్యానెల్ పోతే సెన్సార్లూ పోయినట్టే లెక్క. 433 మెగాహెర్ట్జ్ మీద నడిచే పాత చవక కిట్లలో చాలావాటిలో రిమోటు ప్రతిసారీ ఒకే సంకేతం పంపుతుంది. దాన్ని గాలిలో పట్టుకుని మళ్లీ పంపే పరికరం కొనడం ఇవాళ కష్టం కాదు. సెన్సార్ బ్యాటరీ అయిపోయినా, ఎవరైనా దాన్ని ఊడబెరికినా ప్యానెల్‌కు తెలిసే ఏర్పాటు కూడా వాటిలో ఉండదు. పరీక్షకు ఒక సెన్సార్ బ్యాటరీ తీసి ఒక రోజు వదిలేయండి. ప్యానెల్ ఏమీ అనకపోతే, దాని మీద ఇంకో రూపాయి పెట్టకుండా మార్చేయండి.

తేల్చుకోవడం

ఇప్పుడు మీ పటం నిండా గుర్తులు ఉన్నాయి. వైర్లు నెగ్గి, కోడ్ చేతిలో ఉండి, ఛార్జింగ్ సరిగ్గా ఉంటే, ప్యానెల్‌ను ఉంచుకుని బ్యాటరీ, డయలర్, చెడ్డ సెన్సార్లు మాత్రమే మార్చండి. వైర్లు నెగ్గి ప్యానెల్ ఓడితే, వైర్ల జోన్‌లు ఉన్న కొత్త ప్యానెల్‌ను పాత వైర్లకే బిగించండి. కొత్తది వైర్‌లెస్ రకమే కావాలనుకుంటే, వైర్ల సెన్సార్లను దానికి కలిపే మార్పిడి బోర్డు ఆ కంపెనీ చేస్తుందేమో అడగండి. వైర్లు, ప్యానెల్ రెండూ ఓడితేనే మొత్తం మార్పు.

ప్యానెల్ సాంకేతికంగా నెగ్గినా, మీ ఇంటి తీరుకు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. తిరుపతిలో ఇల్లు ఉన్నవారికి దర్శనానికి వచ్చే బంధువుల రాకపోకలు ఎప్పుడూ ఉంటాయి. తెల్లవారుజామున రెండు గంటలకు బయలుదేరేవారు కొందరు, అర్ధరాత్రి కొండ దిగి వచ్చేవారు కొందరు. ఒకే కోడ్ ఉన్న ప్యానెల్ అయితే, బ్రహ్మోత్సవాలు ముగిసేసరికి అది సగం చుట్టాలకు తెలిసిపోతుంది. అతిథులకు విడి కోడ్ ఇచ్చి, వారు వెళ్లాక తీసేసే వీలు, రాత్రి పడుకున్నప్పుడు తలుపులను మాత్రమే కాపలాలో ఉంచే వీలు పాతదానిలో లేకపోతే, ఒక్క ఆ కారణంతోనే మార్చినా నేను తప్పనను.

దుకాణదారుతో మాట్లాడడం, పాతదాన్ని దించడం

కొటేషన్ అడిగేటప్పుడు మీ పటం, కొలతల కాగితం ముందు పెట్టండి. వైర్లు, తలుపు స్విచ్చులు ఉంచుతామని రాసి, ప్యానెల్, డయలర్, బ్యాటరీ, సెన్సార్లు, కూలి విడివిడిగా ధర రాయమనండి. నిరోధకాలు సెన్సార్ దగ్గరే పెట్టాలని, బిగింపుదారు కోడ్‌ను పని ముగిశాక మీకు రాసి ఇవ్వాలని, యాప్ ప్రధాన ఖాతా మీ ఫోను నంబరు మీదనే తెరవాలని అందులోనే చేర్చండి. యాప్‌కు ఏటా చందా ఉందేమో, చందా కట్టకపోతే ఏది ఆగిపోతుందో కూడా రాయించుకోండి. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో కొత్త ప్యానెల్ బిగించకముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పిడుగుల కాలంలో ముందు కాలేది ఈ బోర్డులే.

కొత్తది పూర్తిగా పనిచేసేదాకా పాతదాన్ని దించనివ్వకండి. ఇది వీలుకాని చోట, ఒక్క పగటిలో పని ముగిసేలా ఇద్దరు పనివాళ్లను పెట్టమనండి. పని ముగిశాక వాళ్ల ముందే ప్రతి తలుపూ తెరిచి, కరెంటు తీసి, రూటర్ తీసి, ఫోను మోగేదాకా చూసి, అప్పుడే మిగతా డబ్బు ఇవ్వండి. సైరన్ ఎంతసేపు మోగి ఆగాలో కూడా ఆ పూటే అమర్చుకోండి. అయిదు నిమిషాలు చాలు.

దించిన బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి కనుక చెత్తబండిలో వేయకండి. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే దుకాణాలు పాతదాన్ని తీసుకుని ఎంతో కొంత ధర కూడా తగ్గిస్తాయి, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు వాటిని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారుల మీదనే పెట్టాయి. పాత ప్యానెల్‌ను ఎవరికైనా ఇచ్చేటట్టయితే అందులోని ఫోను నంబర్లు, కోడ్‌లు చెరిపి, సిమ్ తీసి ఇవ్వండి. ఆ సిమ్ ఇక అక్కర్లేకపోతే కంపెనీకి చెప్పి రద్దు చేయించండి.